సూదిలో మందు ఉండదు, మరి నొప్పి ఎలా తగ్గుతుంది?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కాశీబుగ్గలో మీ అమ్మగారు 18 ఏళ్లుగా జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే పని చేస్తున్నారు. ఏడాదిగా రాత్రిపూట కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి, నిద్రలోంచి లేచి చెయ్యి విదిలించుకుంటున్నారు. మోకాళ్ల నొప్పి కూడా ఉంది, దానికి మెడికల్ షాపులో మాత్రలు కొని వేసుకుంటున్నారు. శ్రీకాకుళంలో ఆక్యుపంక్చర్, అంటే సన్నని సూదులు గుచ్చే చైనా వైద్యం, చేయించమని ఎవరో చెప్పారు. మీ అన్నయ్య అదంతా ఉత్త నమ్మకం అంటున్నారు. సూది గుచ్చితే నరాలకి ఏమవుతుంది, కాలికి గుచ్చితే చేతికి ఎలా తగ్గుతుంది అని మీరు అడిగారు.

నేను మత్తు డాక్టర్ని. విజయనగరంలో 25 ఏళ్లుగా ఆపరేషన్ థియేటర్లలో పనిచేస్తున్నాను, 14 ఏళ్లుగా నొప్పుల క్లినిక్ కూడా చూస్తున్నాను. ఏ నరాన్ని ఎక్కడ మొద్దుబారిస్తే ఒంట్లో ఏ భాగానికి నొప్పి తెలియదో, మా చదువంతా అదే. ఆక్యుపంక్చర్ ఆ తర్వాత నేర్చుకున్నాను. అందుకే దాన్ని నరాల వైపు నుంచే చూస్తాను, మీకూ అలాగే చెబుతాను.

ముందు మాట తేల్చుకుందాం. మన భాషలో నరం అనే మాట మూడింటికి వాడేస్తాం. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదంటాం, అది రక్తనాళం. మణికట్టు దగ్గర తాళ్లలా తేలే వాటినీ నరాలంటాం, అవి కండని ఎముకకి కట్టి ఉంచే తాళ్లు. మోచేయి తలుపు అంచుకి తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమని కరెంటు కొట్టినట్టు పాకుతుందే, అసలు నరం అది. స్పర్శను, నొప్పిని వెన్నుపాముకి, అక్కడి నుంచి మెదడుకి మోసేది అదే. ఈ జవాబులో నేను నరం అన్న ప్రతిచోటా ఈ మూడోదే అనుకోండి. ఈ తేడా తెలియకే చాలామంది ఆక్యుపంక్చర్ అంటే బ్లాకైన రక్తనాళాన్ని తెరిచే వైద్యం అనుకుని వస్తారు.

ఆక్యుపంక్చర్ సూది సుమారు పావు మిల్లీమీటరు మందం ఉంటుంది. ఇంజెక్షన్ సూదిలో సగం కూడా ఉండదు. లోపల బోలుగా ఉండదు, మందు పట్టదు. అంటే బయటి నుంచి ఒంట్లోకి ఏదీ వెళ్లడం లేదు. జరిగే మేలు ఏదైనా మనిషి సొంత నాడీ వ్యవస్థ చేసేదే, సూది దాన్ని కదిలిస్తుందంతే. అందుకని నరాలు చేయగలిగిన పని మాత్రమే సూది చేయించగలదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఎవరు ఏ ప్రకటన ఇచ్చినా ఏది నమ్మవచ్చో, ఏది నమ్మకూడదో మీరే తేల్చుకోగలరు.

ఇక గుచ్చాక ఏం జరుగుతుందో చూద్దాం. చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే. సూది కండలోకి దిగాక దాన్ని వేళ్లతో అటూ ఇటూ తిప్పుతాం. అప్పుడు వేరే రకం బాధ మొదలవుతుంది. మా పేషెంట్ల మాటల్లోనే చెప్పాలంటే 'బరువెక్కింది', 'లాగుతోంది', 'సలుపుతోంది'. చైనావాళ్లు దీన్ని దె-చీ అంటారు, ఇది రానిదే సూది పట్టినట్టు కాదంటారు. గుచ్చుతున్న నా వేళ్లకి కూడా అది తెలుస్తుంది. గేలానికి చేప తగిలినట్టు సూదిని లోపలి నుంచి ఏదో పట్టుకుంటుంది. అమెరికాలో హెలీన్ లాంజెవిన్ అనే పరిశోధకురాలు 2000 తర్వాతి ఏళ్లలో ఈ పట్టు మీద వరసగా పనిచేశారు. సూదిని తిప్పినప్పుడు చర్మం కింద ఉండే బంధన కణజాలపు పోగులు కదురుకి నూలు చుట్టుకున్నట్టు దానికి చుట్టుకుంటాయని ఆమె చూపించారు. పొందూరులో నూలు వడకడం చూసినవాళ్లకి ఇది వెంటనే కళ్లకి కడుతుంది. ఆ పోగులు సాగినప్పుడు చుట్టూ ఉన్న నరాల కొసలు లాగబడతాయి.

అలా లేచిన కబురు సన్నటి నరాల పోగుల మీద బయలుదేరుతుంది. నరాల్లో పోగులు ఒకటే రకం కావు. మెత్తగా తాకినా, రుద్దినా తెలిపే లావు పోగులు చాలా వేగంగా పనిచేస్తాయి. చురుక్కుమనే నొప్పిని మోసే సన్న పోగులు సెకనుకి 5 నుంచి 30 మీటర్ల వేగంతో పంపుతాయి. సలుపు, మంట లాంటి నొప్పులను మోసేవి ఇంకా సన్నవి, వాటి వేగం సెకనుకి ఒక మీటరు చుట్టుపక్కలే. ఇవన్నీ వచ్చి చేరేది వెన్నుపాము వెనక భాగంలో. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు అక్కడ ఒక గేటు ఉందని ప్రతిపాదించారు. తాకిడి కబురు ఎక్కువగా వస్తే ఆ గేటు నొప్పి కబురుని పైకి పోనివ్వదు. పిల్లాడు పడితే అమ్మ గబగబా మోకాలు రుద్దేది ఇందుకే. తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ గేటు బొమ్మలో వివరాలను మార్చాయి. వెన్నుపాములోనే నొప్పిని అడ్డుకునే కణాలున్నాయన్న మూలవిషయం మాత్రం నిలిచింది.

కబురు వెన్నుపాము దగ్గరే ఆగిపోతే ప్రభావం సూది తీసిన కాసేపటికి పోవాలి. కానీ కబురు పైకి వెళ్లి మెదడు కాండానికి చేరుతుంది. అక్కడ నొప్పిని అదుపు చేసే కేంద్రాలున్నాయి, అవి వెన్నుపాములోకి కిందికి ఆజ్ఞలు పంపుతాయి. సెరటోనిన్, నార్ అడ్రినలిన్, ఎండార్ఫిన్ అనే పదార్థాలను ఈ పనికి వాడతాయి. ఎండార్ఫిన్లు మన శరీరమే తయారుచేసుకునే మార్ఫిన్ లాంటివి. ఈ కుటుంబంలో మొదట దొరికిన ఎన్‌కెఫలిన్‌లను 1975లో స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌లో హ్యూస్, కాస్టర్లిట్జ్ కనిపెట్టారు. ఆ మరుసటి ఏడాదే ఆక్యుపంక్చర్ మీద అసలైన పరీక్షలు మొదలయ్యాయి.

ఆ పరీక్షలో వాడిన మందు మా మత్తు డాక్టర్ల ట్రాలీలో ఎప్పుడూ ఉంటుంది. పేరు నాలోక్సోన్. మార్ఫిన్ ఎక్కువై ఊపిరి మందగించిన మనిషికి ఇస్తే మార్ఫిన్ పనిని నిమిషాల్లో ఆపేస్తుంది. 1976లో ఎలుకల్లో, 1977లో పంటినొప్పి పుట్టించిన మనుషుల్లో, ఆక్యుపంక్చర్‌తో నొప్పి తగ్గించాక నాలోక్సోన్ ఇచ్చి చూశారు. తగ్గిన నొప్పి తిరిగి వచ్చింది. సూది పనితనంలో కనీసం కొంతభాగం శరీరపు సొంత మార్ఫిన్‌దేనని అలా బయటపడింది. చైనాలో ఇంకోవైపు నుంచి చూశారు. గుచ్చబోయే చోట ముందే మత్తు మందు ఎక్కించి నరాన్ని మొద్దుబారిస్తే సూది పనిచేయలేదు. చైనావాళ్ల పాత నమ్మకం చెప్పినట్టు ఒంట్లో చీ అనే శక్తి కొన్ని రేఖల వెంట ప్రవహిస్తుందన్నదే నిజమైతే మత్తు మందు దాన్నెందుకు ఆపాలి? నేను ఆక్యుపంక్చర్‌ని గౌరవంగా చూడటం మొదలుపెట్టింది ఈ ఫలితం చదివాకే. రోజూ నేను మొద్దుబార్చే నరమే ఇక్కడా దారి.

బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే శాస్త్రవేత్త సూదులకి సన్నని కరెంటు కలిపి దశాబ్దాలు పనిచేశారు. సెకనుకి 2 సార్లు కరెంటు తట్టితే ఎన్‌కెఫలిన్, బీటా ఎండార్ఫిన్ విడుదలవుతాయి, 100 సార్లు తట్టితే డైనార్ఫిన్ అనే వేరే పదార్థం వస్తుంది. మీ అమ్మగారికి మెషిన్ పెడితే దాని మీద ఏ అంకె పెట్టారో అడగండి. ఎందుకు పెట్టారో చెప్పగలిగినవాళ్లకి పని తెలిసినట్టే.

సూది గుచ్చిన చోటే ఇంకొకటి జరుగుతుంది. 2010లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల మోకాలి కింద అరగంట సూది తిప్పి చూస్తే, అక్కడ అడినోసిన్ అనే పదార్థం సుమారు 24 రెట్లు పెరిగింది. అది నరం కొసను నెమ్మదింపజేస్తుంది. అడినోసిన్‌ని పట్టుకునే ఎ1 గ్రాహకాలు లేని ఎలుకలకి సూదితో నొప్పి తగ్గలేదు. టీ, కాఫీల్లోని కెఫీన్ ఈ గ్రాహకాలకే అడ్డుపడుతుంది. అందుకే సూదికి ముందు రెండు గంటలు టీ తాగొద్దని నా పేషెంట్లకి చెబుతాను. మానితే పోయేదేమీ లేదు.

కాలికి, చేతికి సంబంధం ఏమిటన్నారు. ఒక జవాబు వెన్నుపాములో ఉంది. ఒంట్లో వేర్వేరు చోట్ల నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో ఒకే అంతస్తుకి చేరతాయి. గుండెపోటు వచ్చినవాళ్లకి ఎడమచెయ్యి లాగేది ఇందుకే. గుండె నరాలు, చేతి నరాలు పక్కపక్క అంతస్తుల్లోకి వస్తాయి, కబురు ఎక్కడిదో మెదడు పోల్చుకోలేదు. (ఛాతీలో బరువుతో ఎడమచెయ్యి లాగితే సూది కోసం ఎవరి దగ్గరికీ వెళ్లకండి. ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లండి.) రెండో జవాబు మెదడు కాండంలో ఉంది. ఒకచోట గట్టి నొప్పి కబురు చేరితే, మిగతా ఒళ్లంతటి నొప్పి కబుర్లను మెదడు కాండం తగ్గించేస్తుంది. 1979లో ఫ్రాన్స్‌లో ఎలుకల వెన్నుపాములో దీన్ని స్పష్టంగా చూపించారు. మన పల్లెల్లో నడుం పట్టేస్తే వాతలు పెట్టేవాళ్లు కదా. కాల్చిన కాసేపు నడుంనొప్పి నిజంగానే తగ్గి ఉంటుంది, కారణం ఇదే. ఆ కాసేపటి కోసం జీవితాంతం మచ్చ, పుండు పడితే చీము. పచ్చకామెర్లకి వాతలు పెట్టించి ఆలస్యంగా ఆసుపత్రికి తెచ్చిన పిల్లలను నేను చూశాను. కాలేయపు జబ్బుకి ఈ దారిలో దొరికేదేమీ లేదు.

చేతి విషయంలో మీకు నేరుగా పనికొచ్చే పరిశోధన ఒకటి ఉంది. మీ అమ్మగారి లక్షణాలు చదివితే నాకు ముందు తోచేది మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం. డాక్టర్లు కార్పల్ టన్నెల్ అంటారు. మణికట్టులో ఎముకలకి, గట్టి పట్టీకి మధ్య ఇరుకైన సొరంగం ఉంది. అందులోంచి వేళ్లని ముడిచే తాళ్లతో పాటు మీడియన్ నరం వెళ్తుంది. రోజంతా వేళ్ల కొసలతో పొట్టు తీసేవాళ్లకి ఆ తాళ్ల పొరలు వాచి నరాన్ని నొక్కుతాయి. రాత్రి మణికట్టు ముడుచుకుని పడుకుంటే సొరంగం ఇంకా ఇరుకవుతుంది, విదిలిస్తే హాయిగా ఉంటుంది. ఈ జబ్బున్న 80 మంది మీద చేసిన పరిశోధన 2017లో వెలువడింది. 8 వారాల్లో 16 సార్లు సూదులు. కొందరికి అదే చేతికి, కొందరికి అవతలి కాలి చీలమండ దగ్గర, కొందరికి చర్మం లోపలికి దిగని ఉత్తుత్తి సూదులు. తిమ్మిరి, నొప్పి మూడు గుంపుల్లోనూ తగ్గాయి. కానీ నరంలో కబురు వేగం యంత్రంతో కొలిస్తే నిజం సూదులు పడినవాళ్లకే మెరుగైంది, కాలికి గుచ్చినవాళ్లతో సహా. ఈ జబ్బులో మెదడులో చూపుడువేలి చోటు, మధ్యవేలి చోటు ఒకదాని మీదికి ఒకటి జరిగి కలగాపులగం అవుతాయి. నిజం సూదులు పడినవాళ్లలో అవి మళ్లీ విడివడ్డాయి. అలా బాగా విడివడినవాళ్లకే 3 నెలల తర్వాత కూడా మేలు నిలిచింది.

మీ అన్నయ్య మాటకి కూడా నేను న్యాయం చేయాలి, ఎందుకంటే అందులో బలం ఉంది. 2007లో జర్మనీలో 1,162 మంది పాత నడుంనొప్పి రోగుల మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఆక్యుపంక్చర్ శాస్త్రం చెప్పిన బిందువుల్లో సూదులు గుచ్చినవాళ్లలో 47.6 శాతం మందికి మెరుగైంది. బిందువులు కానిచోట పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతం మందికి మెరుగైంది. మందులు, వ్యాయామం లాంటి మామూలు వైద్యంతో 27.4 శాతం. మొదటి రెండు అంకెల మధ్య దూరం ఎంత తక్కువో చూడండి. కచ్చితంగా ఈ బిందువులోనే గుచ్చాలి, ఒక్క అంగుళం తప్పితే పనిచేయదు అనే మాట నడుంనొప్పి విషయంలో నిలవదు. మూడో అంకెకి, మొదటి రెండింటికి మధ్య దూరం కూడా అంతే నిజం. 39 పరిశోధనల్లోని 20,827 మంది వివరాలను కలిపి చూసిన 2018 విశ్లేషణ కూడా ఇదే చెప్పింది. నిజం సూదికి, ఉత్తుత్తి సూదికి తేడా ఉంది కానీ చిన్నది. అసలు సూదే లేనివాళ్లతో పోలిస్తే తేడా పెద్దది, ఏడాది తర్వాత కూడా దానిలో చాలావరకు నిలిచింది.

అయితే ఉత్త నమ్మకం అనే మాటలో ఆ 'ఉత్త' నాకు ఒప్పదు. 1978లో పన్ను తీయించుకున్నవాళ్లకి మందులేని ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. కొందరికి నొప్పి తగ్గింది. నాలోక్సోన్ ఇస్తే ఆ మేలు పోయింది. అంటే తగ్గుతుందన్న నమ్మకం కూడా శరీరపు మార్ఫిన్ దారిలోనే పనిచేస్తుంది. పైపైన గుచ్చిన సూదీ చర్మపు నరాలని తాకుతుంది. అరగంట ప్రశాంతంగా పడుకోబెట్టి, ఎక్కడ నొప్పి అమ్మా అని తాకి అడగడం కూడా నాడీ వ్యవస్థకి చేరే కబురే. వీటిలో దేని వాటా ఎంతో విడదీయడం కష్టమే. కానీ నొప్పి తగ్గిన మనిషికి అది నిజంగానే తగ్గింది.

నరాలు నొప్పి ఒక్కటే మోయవు. గుండె వేగం, పేగుల కదలిక, వాంతి, ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్), అన్నింటి మీదా వాటి చెయ్యి ఉంది. మణికట్టు మడతకి మూడు వేళ్ల పైన, రెండు తాళ్ల మధ్య నైగ్వాన్ అనే బిందువు ఉంది, దాని కిందే మీడియన్ నరం. ఆపరేషన్ తర్వాత వాంతులు తగ్గించడంలో ఈ బిందువుకి మంచి ఆధారాలున్నాయి, నేను థియేటర్లో వాడతాను కూడా. 2021లో హార్వర్డ్‌లో చియుఫు మా అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల వెనక కాలికి సన్నని కరెంటు పెట్టి ఇంకా లోతుకి వెళ్లింది. కాలిలో ఒక ప్రత్యేక రకం నరాలు ఆ కబురుని మెదడుకి చేరుస్తాయి. అక్కడి నుంచి గుండెకి, పొట్టకి దిగే వేగస్ నరం గుండా అడ్రినల్ గ్రంథికి ఆజ్ఞ వెళ్లి ఒంట్లో వాపు తగ్గుతుంది. ఆ రకం నరాలు లేని ఎలుకల్లో ఫలితం రాలేదు, పొట్ట మీద అదే కరెంటు పెట్టినా రాలేదు. ఎక్కడ గుచ్చామన్నది ముఖ్యమైన సందర్భాలూ ఉన్నాయని దీంతో తెలిసింది. అంతకు ముందు ఏడాది వీళ్లే చూపించినదాన్ని ఎవరూ చెప్పరు. ఇన్ఫెక్షన్ వాపు మొదలైపోయిన ఎలుకకి పొట్ట మీద గట్టి కరెంటు పెడితే వాపు ఎక్కువైంది. ఎలుకల్లో చూసినది మనుషుల్లో ఇంకా తేలాలి. జ్వరంతో ఉన్నవాళ్లకి మాత్రం నేను కరెంటు పెట్టను.

ఈ వేగస్ నరం ఎక్కువగా కదిలితే గుండె వేగం పడిపోతుంది. ఆ సంగతి నాకు మొదటి ఏడాదిలోనే ఒక కుర్రాడు నేర్పాడు. ఆమదాలవలస నుంచి పొద్దున్నే రైలెక్కి, ఏమీ తినకుండా మెడనొప్పితో వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టే గుచ్చాను. నిమిషంలో చెమటలు పట్టి, నాడి 40కి పడిపోయి పక్కకి ఒరిగాడు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తగానే తేరుకున్నాడు. తప్పు నాదే. అప్పటి నుంచి మొదటిసారి వచ్చిన ఎవరినీ కూర్చోబెట్టి గుచ్చలేదు, ఖాళీ కడుపుతో ఉంటే రెండు ఇడ్లీలు తిని రమ్మంటాను.

నరాలు చేయలేనివి ఏమిటో మీ ప్రాంతం వాళ్లకి నేను గట్టిగా చెప్పాలి. కవిటి వైపు నుంచి ఒక కొబ్బరి రైతు నడుంనొప్పితో వచ్చారు. రెండేళ్లుగా రోజూ నొప్పి మాత్ర వేసుకుంటున్నారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే అప్పటికే ఎక్కువగా ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకి మాత్రలే కారణమని నేను అనడం లేదు. దెబ్బతిన్న కిడ్నీకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మరో దెబ్బ, ఇందులో అనుమానం లేదు. ఆయన్ని ముందు కిడ్నీ డాక్టర్ దగ్గరికి పంపి, వాళ్లు సరేనన్నాక సూదులు మొదలుపెట్టాను. ఏడు వారాల్లో నడుంనొప్పి సగానికి పైగా తగ్గింది, మాత్ర మానేశారు. క్రియాటినిన్ మాత్రం సూదితో ఒక్క పాయింటు కూడా తగ్గలేదు, తగ్గుతుందని నేను చెప్పనూ లేదు. సూదులతో కిడ్నీ బాగుచేస్తామని, డయాలసిస్ మానేయమని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మాత్ర వేసుకోకూడని మనిషికి నొప్పి తగ్గించే దారి ఒకటి ఉండటం ఉద్దానంలో చిన్న విషయం కాదు. నేను ఈ పని వదలకపోవడానికి కారణం అదే. డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఫిస్టులా (దానికోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతికి ఎట్టి పరిస్థితుల్లోనూ సూది గుచ్చనివ్వకూడదు.

ఇప్పుడు మీ అమ్మగారికి. ముందు షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. మొదటి రెండిట్లో ఏది తేడాగా ఉన్నా చేతి నరం నొక్కుకుపోవచ్చు. తర్వాత నరాల వేగం పరీక్ష, ఎన్‌సీఎస్ అని అడగండి. బొటనవేలి మొదట్లో కండ చదునుగా పడిపోయి ఉంటే, వస్తువులు చేజారుతుంటే సూదులతో కాలం గడపొద్దు. చిన్న ఆపరేషన్‌తో నరం మీది పట్టీని కోసి వదులు చేస్తారు, ఆలస్యమైతే పోయిన కండ తిరిగి రాదు. అంత దూరం వెళ్లకపోతే రాత్రిపూట మణికట్టుని నిటారుగా ఉంచే స్ప్లింట్ కట్టండి, దానితో పాటు వారానికి రెండుసార్లు సూదులు చేయించవచ్చు. ఆరుసార్లయినా ఏ మార్పూ లేకపోతే ఆపేయండి. మోకాళ్లకి తొడ కండ బలపడే వ్యాయామమే ముఖ్యం, సూది దానికి తోడు మాత్రమే.

చేసేవాళ్లు సూది ప్యాకెట్ మీ కళ్లముందే చించాలి, వాడింది మళ్లీ వాడకూడదు. ఛాతీ మీద, భుజం పైన లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి కన్నం పడవచ్చు, కాబట్టి శరీర నిర్మాణం చదువుకున్నవాళ్ల చేతే చేయించుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి కరెంటు మెషిన్ వద్దు.

ఈ రాత్రి అమ్మగారు లేచినప్పుడు ఒకటి గమనించమనండి. చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతోందా, లేక బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలేనా? చిటికెన వేలికి వేరే నరం వెళ్తుంది. అది కూడా తిమ్మిరిగా ఉంటే మణికట్టు ఒక్కటే కాదు, మెడనీ మోచేతినీ కూడా చూడాలి. అప్పుడు నేను చెప్పే సలహా మారుతుంది. అడిగి, పరీక్షల ఫలితాలతో పాటు రాయండి.